ట్యాగుల్లో ఇమడని చరిత్ర

1996లో ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ విద్యార్థి మైఖేల్ మర్టా తన థీసిస్ కోసం ఓ పద్ధతి తయారు చేశాడు. అందులో వీడియో ముక్కల్ని ముందే ఒకదానికొకటి ముడివేయరు. ఒక్కోదానికి మనిషి పేరు, ఊరు, విషయం లాంటి కొన్ని మాటలు తగిలిస్తారంతే. మనం ఒక ముక్క చూడగానే దాని మాటలకు బలం పెరుగుతుంది, ఆ మాటలున్న వేరే ముక్కలు ముందుకొస్తాయి. చూస్తుండగానే కథ అల్లుకుంటుంది.

కోడ్ రాసేవాడిగా నాకిది ముచ్చటేసింది. మరి తెలంగాణ సాయుధ పోరాటపు జ్ఞాపకాలను ఇలా అల్లితే?

మొదటి చిక్కు ఊరి పేరు దగ్గరే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, ఐలమ్మ తన భూమి కోసం నిలబడ్డ పాలకుర్తి అప్పట్లో నల్గొండ జిల్లావి. ఇప్పుడు జనగామ జిల్లా. మల్లు స్వరాజ్యం ఊరు 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. ఇవాళ్టి మ్యాప్ చూసి ట్యాగులు పెడితే 'నల్గొండ' నొక్కినవాళ్లకు ఈ ముగ్గురూ కనపడరు. సరే, రెండేసి ట్యాగులు పెడితే ఇది తీరిపోతుంది.

రెండోది అంత తేలిగ్గా తీరదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. అడవిలో పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ మాటలకు ఏ ట్యాగు పెడతాం? 'పోరాటం' అంటే అది త్యాగం అయిపోతుంది. 'పార్టీ' అంటే అదే ఒక నిలదీత అవుతుంది. మాటలు అవే, పక్కన వచ్చే ముక్క మారింది, అర్థం మారింది. ట్యాగు పెట్టడమంటే చరిత్ర రాయడమే.

పైగా చూసినదాన్నే బలపరిచే లెక్క ఇది. తుపాకీ చూసినవాళ్లకు ఇంకో తుపాకీ వస్తుంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు తిరిగొచ్చిన ఆడవాళ్ల వెలితి వాళ్లదాకా రానే రాదు.

ఆ రోజుల్లో ప్రజానాట్యమండలి ఊరూరా తిప్పిన బుర్రకథలో దీనికి విరుగుడు ఉంది. కథకుడు ఊపులో ఉన్నప్పుడు వంతలు అడ్డు తగులుతారు, ఒకరు హాస్యంతో, ఇంకొకరు రాజకీయంతో. మన ప్రోగ్రాముకూ అలాంటి వంత ఒకటి కావాలి. మనిషి అదే, విషయం వేరే అయిన ముక్కను అప్పుడప్పుడూ కావాలనే తెచ్చే నియమం అది. రాయడానికి పది లైన్ల కోడ్ చాలు. ఏ ముక్క తేవాలో తెలియాలంటే మాత్రం ఆ పుస్తకం మొత్తం చదవాలి.