అద్దము నూరిన చేయి

లేజరు డయోడు ఆవగింజకంటె చిన్నదైన దీపము. 1982లో విపణికి వచ్చిన కాంపాక్టు డిస్కునుండి పాటను చదువునది దీని కాంతియే. సన్నని గాజుతీగల వెంట మన మాటలను దూరదేశములకు మోయునదియు ఇదియే. ఇంతటి సాధనము పుట్టుకలో ఒక బాలుని సరదాకు పాలు కలదు.

1962 జూలైలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున శాస్త్రజ్ఞుల సభ యొకటి జరిగెను. గాలియం ఆర్సెనైడ్ అను స్ఫటికముతో చేసిన డయోడులో విద్యుత్తు ప్రవహింపగా పరారుణ కాంతి సమృద్ధిగా వెలువడుచున్నదని లింకన్ ప్రయోగశాలవారు అందు తెలిపిరి. సభికులలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలకు చెందిన రాబర్ట్ హాల్ ఉండెను. ఆ కాంతిని లేజరుగా మార్చవచ్చునా యని ఆయన తిరుగు ప్రయాణమున రైలులోనే లెక్కలు వేసెను.

లేజరునకు ఎదురెదురుగా రెండు అద్దములు కావలెను. కాంతి వాని నడుమ అటునిటు తిరుగుచు బలము పుంజుకొనును. అంత చిన్న స్ఫటికమునకు అద్దములు అమర్చుట యెట్లు? స్ఫటికపు ముఖములనే అద్దములుగా తీర్పవలెనని హాల్ నిశ్చయించెను. చిన్ననాట ఆయనకు దూరదర్శిని చేయు సరదా ఉండెను. గాజుబిళ్ళను ఓపికతో నూరి, మెరుగుపెట్టి, అద్దముగా తీర్చిన చేయి అది. ఆ నేర్పే ఇప్పుడు అక్కరకు వచ్చెను. అంచు 0.4 మిల్లీమీటర్లు మాత్రమే గల ఘనమున రెండు ముఖములు ఒకదానికొకటి సమాంతరముగా కుదిరెను.

రెండవ చిక్కు వేడిమి. లేజరు పుట్టుటకు చదరపు సెంటీమీటరునకు వేల ఆంపియర్ల చొప్పున ప్రవాహము కావలసి యుండెను. అది ఎడతెగక సాగినచో డయోడు వేడెక్కి చెడును. కావున దానిని ద్రవ నైట్రోజనుతో −196 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లార్చి, విద్యుత్తును రెప్పపాటుకంటె ఎంతో తక్కువ కాలము, విడతలుగా పంపిరి. 1962 సెప్టెంబరులో డయోడు లేజరై వెలిగెను. కంటికి కనబడని ఆ కాంతిని పరారుణమును చూపు గొట్టము ద్వారా పరికించిరి. కొలది వారములలోనే ఐ.బి.ఎం. వారును, లింకన్ వారును తమ లేజరులను వెలిగించిరి. నిక్ హోలోన్యాక్ కంటికి కనబడు ఎర్రని లేజరును సాధించెను.

అయినను ద్రవ నైట్రోజను లేనిదే వెలుగని దీపము ఇంటికి రాజాలదు. భిన్న స్ఫటికముల పలుచని పొరలను పేర్చి, తక్కువ విద్యుత్తుతోనే పని జరుగునట్లు చేసి, 1970లో లెనిన్‌గ్రాడ్‌లో ఆల్ఫెరోవ్ బృందమును, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హయాషి, పానిష్‌లును ఆ కొరత తీర్చిరి. గది వేడిమిలోనే లేజరు డయోడు ఎడతెగక వెలిగెను.

నేడు ఔత్సాహికులు పాత డిస్కు యంత్రములనుండి డయోడును విడదీసి, అల్యూమినియము దిమ్మకు బిగించి, ముందొక కటకము నమర్చి వెలిగించుచున్నారు. కాంతిని కూర్చుట, వేడిని తొలగించుట అను హాల్ నాటి చిక్కులే వారికిని ఎదురగుచున్నవి. అయితే ఈ సరదాలో ప్రమాదము కలదు. కంటిలోని కటకము లేజరు కాంతిని రెటీనాపై ఒక్క బిందువుగా కూర్చి కాల్చివేయగలదు. పరారుణ కాంతి యైనచో కన్ను మూసికొను హెచ్చరికయు లభింపదు. తగిన రక్షణ కళ్ళద్దములు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

దూరదర్శిని కొరకు గాజు నూరుచున్న నాడు హాల్ ఎదుట లేజరు లేదు. ఆ మాటయే అప్పటికి పుట్టలేదు. మన యింటి పిల్లవాడు మూల కూర్చుండి ఏదో విప్పి బిగించుచున్నప్పుడు, ప్రమాదము లేకుండ చూడుడు. కాని పని మాత్రము మాన్పింపకుడు.