భయానక చలనచిత్రములలో జానపద వాద్యసంగీతము: గ్రామదేవతారాధన దృష్టితో ఒక పరిశీలనము

తెలుగు భయానక చలనచిత్రముల నేపథ్యసంగీతమును శ్రద్ధతో ఆలకించినచో ఒక విశేషము స్పష్టమగును. దయ్యము, క్షుద్రశక్తి, మంత్రగాడు మొదలగు వానిని సూచింపవలసిన సందర్భములందు సంగీతదర్శకులు తరచుగా డప్పు, పంబ, డమరుకము, కొమ్ము, గజ్జెలు మున్నగు వాద్యములనో, వాని నాదమును పోలిన యాంత్రికనాదమునో ఆశ్రయించుచున్నారు. ఇవియెల్ల గ్రామదేవతారాధనమునకు సంబంధించిన వాద్యములు. పల్లెలో ఇవి భయమును పుట్టించుటకు ఏర్పడలేదు. పుట్టిన భయమును పోగొట్టుటకు ఏర్పడినవి. భయనివారణ సాధనము భయోత్పాదన సాధనముగా ఎట్లు మారెను? ఈ మార్పునకు చారిత్రక కారణము లెవ్వి? ఇందు మనము పోగొట్టుకొనుచున్న దేమి? ఈ మూడు ప్రశ్నలను ఇచట చర్చింపదలచితిమి.

ఈ చర్చకు గంపలగూడెము ప్రాంతమును ఆధారభూమిగా గ్రహించుచున్నాము. గంపలగూడెము నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు ప్రాంతమునకు చేరిన మండలకేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లా ఏర్పడువరకు అది కృష్ణాజిల్లాలోనిది. కట్టలేరు పారు ఈ సీమకు ఆవల తెలంగాణమునందలి ఖమ్మము జిల్లా కలదు. కృష్ణా, గుంటూరు మండలములలో అంకమ్మ కొలుపులు ప్రసిద్ధములు. వానియందు పంబలవారు రంగుల పొడులతో ముగ్గుపట్టి, పంబజోడు వాయించుచు, రాత్రులందు దేవత కథను గానము చేయుదురు. ఖమ్మము, ఓరుగల్లు మండలములలో బైండ్లవారు జమిడికపై ఎల్లమ్మ కథను వినిపింతురు. ఈ రెండు సంప్రదాయములకును నడుమ నున్న సీమ యిది. కావున ఇట్టి సరిహద్దు పల్లెలను దృష్టియం దుంచుకొని చూచినచో వాద్యముల స్వభావము చక్కగా బోధపడును.

ఈ సంగీతముయొక్క ప్రాచీనతకు కావ్యసాక్ష్యము కలదు. 15వ శతాబ్దికి చెందినదిగా భావింపబడు క్రీడాభిరామము ఓరుగంటి వీథులను వర్ణించుచు, ఏకవీరాదేవి యెదుట నిలిచి పరశురాముని కథలను పాడు బవనీల గాయకుని చూపినది. పరశురాముని తల్లి రేణుక. ఆ రేణుకయే పల్లెల ఎల్లమ్మ. బవనీలనగా నేటి బైండ్లవారే యని పలువురి మతము. ఆ కావ్యమున ఈ గానము భయహేతువుగా చిత్రింపబడలేదు. గాయకుని వాద్యనైపుణ్యమే ప్రశంసింపబడినది. ఆరువందల యేండ్లకు పూర్వము రాజధాని వీథిలో మెప్పు వడసిన విద్య నేడు చిత్రశాలలో ప్రేక్షకుని ఉలికిపడజేయుటకు వినియోగ మగుచున్నది. మార్పు వాద్యమునందు లేదు, వినువానియందు కలదని దీనివలన ఊహింపవచ్చును.

వాద్యముల సంగతిని కొంత వివరింతుము. జమిడిక చిన్న వాద్యము. గొట్టమువంటి పాత్రకు ఒకవైపున తోలు మూసి, ఆ తోలు నడుమనుండి తంత్రిని లాగి బిగించి మీటుదురు. బిగువు మారినకొలది నాదము ఎగయుచు దిగుచు, ఒకప్పుడు ఏడ్పువలెను ఒకప్పుడు పిలుపువలెను వినబడును. పంబ రెండు మద్దెలలను జోడించి కట్టిన వాద్యము. డప్పును సెగకు కాచి, ఒకచేత సిర్రను, వేరొకచేత సిటికెనపుల్లను పట్టి వాయింతురు. ఈ వాద్యములకు దరువే భాష. పెండ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు, చాటింపు వేరు. పల్లెవాడు ఇల్లు కదలకయే దరువును విని, వీథిలో సాగుచున్నది శవయాత్రయో అమ్మవారి ఊరేగింపో చెప్పగలడు. దరువు తెలిసినవానికి డప్పు ఒక వార్త. తెలియనివానికి ఒక మ్రోత మాత్రమే.

కొలుపునందును జాతరయందును ఈ సంగీతము మూడు దశలుగా నడచును. వానిని పిలుచుట, నిలుపుట, సాగనంపుట అని వ్యవహరింతుము. మొదట చాటింపుతో ఊరిని హెచ్చరించి, విలంబమున ఆరంభించి క్రమముగా వడి పెంచుచు దేవతను పిలుతురు. పూనకము వచ్చినపిదప కథాగానముతో, ప్రశ్నోత్తరములతో ఆమెను నిలుపుదురు. ఆమె కోరిక నడిగి, మ్రొక్కు చెల్లించి, ఊరిచుట్టును పొలి చల్లి, తుదకు పొలిమేర దాటించి సాగనంపుదురు. తెలుగు సీమలో పనిచేసిన అమెరికా మిషనరీ ఎల్మోర్ 1915లో ప్రకటించిన గ్రంథమున గ్రామదేవతల కొలుపులను, అందలి వాద్యకారుల పాత్రను విపులముగా వర్ణించెను. ఆయన దృష్టి పరమతస్థుని దృష్టి యైనను, ఈ తంతుకు ఆద్యంతములు కలవను విషయము ఆ వర్ణనవలనను తెలియవచ్చును. దేవత రౌద్రమునకు ఎంత చోటు కలదో ఆమె శాంతించుటకును అంత చోటు కలదు. చల్లబడని జాతర పూర్తియైన జాతర కాదు.

ఈ తంతు ఎదుర్కొన్న భయము కల్పితము కాదు. మశూచికమునకు మన భాషలో 'అమ్మవారు' అనియే పేరు. కలరాను పల్లెలు గత్తరయని, మహమ్మారియని పిలిచెను. ఒక ఋతువులో ఊరిలో సగము పాడుపడుట పూర్వులు కన్నులార చూచిన సంగతి. వైద్యమందని కాలమున ఊరంతయు ఒకచోట చేరి, ఒక్క దరువునకు కాలు కదిపి, ఆపదను పేరుపెట్టి పిలిచి పంపివేయుట ధైర్యమునకు మార్గమయ్యెను. భారతదేశమున మశూచికము 1975లో అంతరించినది. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి లోకమంతట నశించినట్లు ప్రకటించెను. ఇది మానవజాతికి మహోపకారము. కాని దీని వెంట ఒక పరిణామము కూడ కలిగినది. ఏ భయమునకు ఈ సంగీతము విరుగుడో ఆ భయము జ్ఞాపకమునుండి తొలగెను. కారణము మరువబడిన సంగీతము నాదమాత్రముగా మిగిలెను. అట్టి నాదమునకు క్రొత్త యర్థమును అంటగట్టుట సులభము.

ఇక చలనచిత్రముల వంక చూతము. 1951లో విజయావారు నిర్మించిన పాతాళభైరవి మొదలు, బి. విఠలాచార్య చిత్రములవరకు మాంత్రికులు, భూతములు గల చిత్రములను 'జానపద చిత్రములు' అని పిలుచుట వాడుక. ఆ పేరు కథను బట్టి వచ్చినది. వాని పాటలు అధికముగా రాగప్రధానములు, రంగస్థల సంప్రదాయమునకు సన్నిహితములు. పాతాళభైరవికి ఘంటసాల కూర్చిన సంగీతము ఇందుకు ఉదాహరణము. జానపద కథ ఉన్నచోట జానపద వాద్యమునకు ప్రాధాన్యము లేదు. ఇంచుమించు ఆ కాలముననే, 1958లో, బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము వెలువడి, విశ్వవిద్యాలయములు పల్లెపాటను శాస్త్రదృష్టితో చూచుట కారంభించెను. చిత్రసీమయందును విద్యాసీమయందును 'జానపదము' అను మాట ఒకటే యైనను, వారు చూచినది కథను, వీరు చూచినది పాటను. వాద్యమును వాయించువాడు ఇరువురి దృష్టికిని కొంత దూరముగనే యుండెను.

ఆ పిదప గ్రామదేవతయే కథావస్తువైన చిత్రములు వచ్చెను. కోడి రామకృష్ణ దర్శకత్వమున 1995లో వచ్చిన అమ్మోరు చిత్రమున దేవతకును క్షుద్రోపాసకునకును పోరాటము కలదు. ఆ దర్శకుడే 2009లో తీసిన అరుంధతికి కోటి సంగీతము కూర్చెను. అందు జేజమ్మ దుష్టుడైన పశుపతిని వంచించి నిర్జించు ఘట్టమున నృత్యమును తాళవాద్యముల మ్రోతయును ఆయుధములయ్యెను. ఇచట వాద్యము భయమునకు ప్రతిపక్షమున నిలిచినది. ప్రాచీన వినియోగము ఈ ఘట్టమున కొంత నిలిచియున్నదని మా యభిప్రాయము. 2023లో వచ్చిన విరూపాక్ష, మంగళవారము అను రెండు చిత్రములకును సంగీతము కూర్చినవాడు కన్నడ సంగీతదర్శకుడు అజనీష్ లోకనాథ్. రెండింటను పల్లెయే కథాస్థలము, వరుస మరణములే కథ. ఇట్టి చిత్రములలో పల్లె వాద్యము సాధారణముగా పిలుపు దశవరకే వినబడును. దరువు వడి హెచ్చును, శిఖరము నందును, అచట తెగిపోవును. సాగనంపు దరువునకు కథలో తావు చిక్కుట అరుదు. మూడంగముల తంతులో మొదటి యంగమును మాత్రము గ్రహించుటచే శాంతి జారిపోయి త్రాసము మిగులుచున్నది.

ఈ సమస్య తెలుగువారికే పరిమితము కాదు. 1973లో వచ్చిన 'ది వికర్ మాన్' అను ఆంగ్లచిత్రమునకు పాల్ జియోవాన్ని జానపద గేయ ఫణితిలో సంగీతము కూర్చెను. ఒక ద్వీపవాసులు పరాయివానిని సజీవముగా దహించుచు, వేసవి రాకను కొనియాడు మధ్యయుగపు గేయమును సంతోషముతో పాడుట ఆ చిత్రమునకు ముగింపు. పాటలో భయము లేదు. పాడువారికిని వినువానికిని నడుమ గల అగాధమున భయము కలదు. 1964 నాటి జపాను చిత్రము 'క్వైదాన్' మార్గము వేరు. అందు హోయిచి యను అంధగాయకుడు బివా వాయించుచు, యుద్ధమున మడిసిన వీరుల గాథను ఆ వీరుల ప్రేతములకే వినిపించును. సంగీతము తోరు తాకెమిత్సుది. మృతవీరులను గాథతో తృప్తిపరచుట మనకును క్రొత్త కాదు. కారెంపూడిలో ఏటేట కార్తికమాసపు చివర జరుగు పల్నాటి వీరుల యుత్సవమున వీరవిద్యావంతులు చేయునది ఇట్టిదే. 2022లో వచ్చిన కన్నడ చిత్రము కాంతార తుళునాటి భూతకోలమును కథకు వెన్నెముకగా గ్రహించినది. అది భయానక చిత్రము కాకపోయినను, అందలి దైవము రౌద్రము ముగిసినపిమ్మట తగవులాడినవారి చేతులను కలిపి నిష్క్రమించును. అనగా సాగనంపు దశ చిత్రమున నిలిచినది. ఆ చిత్రము విజయము పొందిన యేడే కర్ణాటక ప్రభుత్వము అరువదియేండ్లు దాటిన దైవనర్తకులకు నెలకు 2,000 రూపాయల భృతిని ప్రకటించినది. కళను పూర్తిగా చూపినచో కళాకారుడు కూడ కంటబడును.

భరతుడు భయానకరసమునకు చెప్పిన విభావములలో వికృతధ్వని, నక్కల గుడ్లగూబల కూతలు, శూన్యగృహము, అరణ్యము మొదలగునవి కలవు. ఇవియెల్ల మానవుని నివాసమునకు వెలియైనవి, అపరిచితములు. డప్పు ఊరిలోనిది, పరిచితము. అది వికృతధ్వనిగా వినబడవలెనన్నచో వినువాడు ఊరికి పరాయివాడు కావలెను. ఈ వాద్యముతో పరిచయము తగ్గినకొలది దానివలన కలుగు భయము పెరుగునని మేము నిర్ణయించుచున్నాము. భయానక చిత్రములలో పల్లె వాద్యము విజయము పొందుటకు దాని సహజశక్తి ఒక కారణమే. ప్రేక్షకుడు పల్లెకు దూరమగుట అంతకంటె పెద్ద కారణము.

చలనచిత్రము పూజ కాదనియు, సంగీతదర్శకునికి స్వాతంత్ర్యము కలదనియు ఒక ఆక్షేపము రావచ్చును. అది యంగీకార్యమే. నాదమును క్రొత్త సందర్భమున వాడుట కళాధర్మము; వాడుకవలననే అనేక వాద్యములు బ్రతికినవి. కాని ఇచట ప్రశ్న నాదముతో ముగియదు. ఈ వాద్యములు మాదిగలు, బైండ్లవారు, పంబలవారు మొదలగు వారి జీవనోపాధి. వీరిలో కొందరు దిష్టి తీయుట, గాలి చేష్టలకు విరుగుడు చేయుట కూడ వృత్తిగా గలవారు. మరియొకవైపు, చేతబడి చేసిరను అనుమానముతో మనుష్యులను కొట్టుట, చంపుట తెలుగు పల్లెలలో నిజముగా జరిగిన దారుణము. విరూపాక్ష కథ కూడ క్షుద్రపూజ చేసిరని దంపతులను ఊరివారు దహించుటతోనే ఆరంభమగును. చిత్రములవలన ఇట్టి హింస పుట్టుచున్నదని మేము అనము. ఐనను, పంబ మ్రోగగనే చేతబడి స్ఫురించునట్లు ఒక తరము వీనులు అలవాటుపడినచో, ఆ పంబను మోయువానిపై పడు చూపు ఎట్టిదో ఆలోచింపవలసియున్నది. పూర్వము అతడు ఊరి భయమును మోసికొనిపోయినవాడు. నేడు అతనినే భయమునకు గుర్తుగా నిలుపుట న్యాయము కాదు.

పరిశోధక విద్యార్థులకు ఈ రంగమున చేయవలసిన పని చాల కలదు. గ్రామదేవతల కథలు కొంతవరకు గ్రంథస్థములైనవి, దరువులు కాలేదు. ఏ దరువు ఏ ఘట్టమునకు చెందునో, దాని పేరేమో, ఎన్ని దెబ్బల యావృత్తమో, ఎచట వడి మారునో వాద్యకారులనే అడిగి వ్రాసికొనవలెను. ప్రత్యేకముగా సాగనంపు దరువులను ముందుగా సేకరింపవలెను. చిత్రములందు వినబడనివి అవే గనుక మొదట మరుగుపడునవియు అవే. అటుపిమ్మట చిత్రసంగీతమున ఏ దరువు ఏ సందర్భమునకు మారినదో సరిపోల్చుట సాధ్యమగును. గంపలగూడెము మొదలు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ సన్నిధివరకు గల పల్లెలు, కట్టలేటికి ఆవల ఖమ్మము జిల్లా పల్లెలు ఒక్క పరిశోధకుని కాలినడకకు అందునవి. పంబ, జమిడిక రెండును ఒకే సీమలో పరిశీలింపదగిన యిట్టి అవకాశమును వదలుకొనరాదు.