చుట్టపుచూపు - చీటీల చరిత్ర

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పెళ్ళికో చావుకో పోయి రావాలంటే బస్సు టికెట్టు చాలును. కాని కరాచీలో చిన్నాయనో ఖాలానో ఉన్న ఇంటివారికి ఈ చుట్టపుచూపు సర్కారు కాగితాల మీద నడిచిన వ్యవహారము. ఆ సంగతి మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దేశము రెండు కాకముందు ఆ దారిన పాస్‌పోర్టు మాటే లేదు. 1948 జూలైలో భారత ప్రభుత్వము పశ్చిమ పాకిస్తాన్ నుండి వచ్చేవారికి పర్మిట్టు పెట్టింది. అక్టోబరులో పాకిస్తాన్ కూడా అదే పని చేసింది. ఈ రెంటి నడుమ, సెప్టెంబరులో, హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగింది. భయపడి కొందరు, కొలువులు పోయి కొందరు కరాచీ చేరుకున్నారు. ముసలి తల్లిదండ్రులు ఎందరో ఇక్కడనే ఉండిపోయారు.

పర్మిట్లన్నీ ఒకటి కావు. చూచి పోవుటకిచ్చేది వేరు, తిరిగివచ్చి స్థిరపడుటకిచ్చేది వేరు. 1947 మార్చి 1 తర్వాత వలసపోయినవాడు మళ్ళీ పౌరుడనిపించుకోవాలంటే రెండవ రకమే ఉండాలని రాజ్యాంగము 7వ అధికరణము. అంటే మొదటి రకము చీటీతో వచ్చినవాడు సొంత ఊళ్ళోనే అతిథి అయిపోయాడన్నమాట.

1952 అక్టోబరులో పర్మిట్టు పోయి పాస్‌పోర్టు, వీసా వచ్చినవి. చిక్కు ఇంకా ముదిరింది. ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి చెప్పుకోవాలె. 1954 చివర పాకిస్తాన్ పోయిన ఒకాయన, 1955 జనవరిలో ఆ దేశపు పాస్‌పోర్టు మీద, కొద్ది నెలల వీసాతో తిరిగి వచ్చాడు. గడువు దాటినా పోలేదని కేసు పెట్టారు. అతని పౌరసత్వము పోయిందో లేదో తేల్చవలసినది కేంద్ర ప్రభుత్వమే గాని మేజిస్ట్రేటు కాదని 1961లో సుప్రీంకోర్టు చెప్పి, రాష్ట్ర ప్రభుత్వపు అప్పీలు కొట్టివేసింది.

1965, 1971 యుద్ధాలతో రాకపోకలు నిలిచిపోయాయి. 1974 సెప్టెంబరులో వీసా ఒప్పందము, 1976 జూలై 22న సంఝౌతా రైలు వచ్చినవి. అయితే ఈ వీసా దేశానికి కాదు, ఊరికి. హైదరాబాదని మాత్రమే వ్రాసి ఉంటే మిర్యాలగూడలో అక్క ఇంటికి పోరాదు. దిగిన 24 గంటల్లో పోలీసులకు తెలుపుకోవాలె. 1994లో కరాచీలోని భారత కాన్సులేటు మూతపడగా, అక్కడివారు వీసాకై ఇస్లామాబాదు దారి పట్టవలసి వచ్చింది. 2012 ఒప్పందములో మూడు ఊళ్ళను ఐదు చేసి, 65 ఏండ్లు దాటినవారిని పోలీసు రిపోర్టు నుండి తప్పించారు. 2019లో రైలు ఆగింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత వీసాలు నిలిపి, అటారీ గేటు మూసివేశారు.

సోదరులారా! ఈ చరిత్రలో మనకొక పాఠమున్నది. దుబాయికి విజిట్ మీద పోయినా, ఉమ్రాకు పోయినా కాగితము మీద ఏ రకమని ఉన్నదో, గడువెంతో చదివించుకొని మరీ బయలుదేరండి. ఇంట్లో పెద్దల పర్మిట్లు, పాత పాస్‌పోర్టులు ఉంటే చిత్తుకాగితాలని పారవేయకండి. తల్లి ముఖము చూడటానికి ఒక బిడ్డ ఎన్ని గడపలు తొక్కిందో చెప్పే సాక్ష్యాలవి. విడిపోయిన వారిని అల్లాహ్ కలుపుగాక. ఆమీన్.