ఐదో మైలు దగ్గర ఒక రాత్రి



చాలాకాలానికి మళ్లీ ఒక టపా వ్రాస్తున్నాను. ఈసారి చెప్పబోయేది మన గడ్డకు బహుదూరాన ఉన్న ఒక ఊరి చరిత్ర. అయినా, తెలుగును తెలుగు లిపిలోనే తెరమీద చూడాలని పట్టుబట్టి, ఖతులతోనూ కీబోర్డులతోనూ నానా తంటాలు పడి ఇక్కడికి చేరినవాళ్లం మనం. మనకు ఆ ఊరు పూర్తిగా పరాయిది కాదు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఇటలీలో ఉంటున్నాడు. 2025 మార్చిలో నేను అక్కడికి వెళ్లినప్పుడు, ఓహ్రిద్ సరస్సు చూపిస్తానని బయలుదేరదీశాడు. బారి రేవులో రాత్రివేళ కారుతో సహా ఓడ ఎక్కితే, తెల్లవారేసరికి అల్బేనియాలోని దుర్రెస్ రేవులో దిగాము. అక్కడినుంచి ష్కుంబిన్ నది వెంబడి తూర్పుగా సాగితే ఎల్బసాన్ పట్టణం వస్తుంది. రాత్రికి అక్కడ బస చేయాలనుకున్నాము. తీరా చేరేసరికి ఊరంతా తిరునాళ్లలా ఉంది. మార్చి 14న అక్కడ 'దీతా ఎ వెరెస్' అనే వేసవి పండుగ. దానికి పుట్టిల్లు ఎల్బసానే. 2004 నుంచి దేశమంతటికీ ఆ రోజు సెలవు. ఊరిలో ఒక్క గదీ ఖాళీ లేదు. చేసేది లేక వచ్చిన దారినే నాలుగు మైళ్లు వెనక్కి వచ్చి, బ్రదశేష్ అనే చోట రోడ్డు పక్కన కనిపించిన ఒక చవక హోటలులో దిగాము.

క్రింద పెట్రోలు బంకు, దానినానుకొని కాఫీ దుకాణం, పైన ఏడెనిమిది గదులు. అద్దె మూడువేల లెకులు. లెకు ఇంచుమించు మన రూపాయంతే. మంచాలు గట్టివి, దుప్పట్లు శుభ్రమైనవి, గోడలు మాత్రం పలుచనివి. లారీ వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దం గలగలమనేది. కిటికీలోంచి ఒకవైపు ఆలివ్ చెట్లు, మరొకవైపు తుప్పుపట్టిన పెద్ద ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించాయి. 1970లలో చైనా సాయంతో కట్టిన కర్మాగారమట అది. 1978లో చైనా సాయం ఆగిపోయింది. 1991 తరువాత కర్మాగారంలో చాలా భాగం మూతపడింది. హోటలు యజమాని తన యౌవనమంతా అందులోనే గడిపాడట. కమ్యూనిస్టుల ఏలుబడిలో అక్కడ సొంత కారుకూ సొంత వ్యాపారానికీ కూడా వీలు లేదు. అందుచేత ఇటువంటి బాటపక్క హోటళ్లన్నీ 1991 తరువాత లేచినవే.

యజమాని ఇటాలియన్ బాగానే మాట్లాడతాడు. ఆ దేశంలో చాలామందికి ఆ భాష ఇటలీ టెలివిజను చూసి వచ్చినదే. మా అబ్బాయి దుబాసీగా కూర్చున్నాడు. యజమాని పాస్‌పోర్టులు చూసి వివరాలు వ్రాసుకొని, సంతకానికి పుస్తకం నా ముందుకు జరిపాడు. నేను అలవాటు ప్రకారం తెలుగులో సంతకం చేశాను. ముప్ఫై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి వేరే సంతకం ఎలా వస్తుంది? ఆయన పుస్తకం తనవైపు త్రిప్పుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, ఆ గుండ్రని అక్షరాలను చాలాసేపు చూశాడు. తరువాత ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ అక్షరాలు మీ సొంతమా? ఇంకొకరివి తెచ్చుకున్నారా?"

"మావే" అన్నాను, కొంచెం ఛాతీ విరుచుకొనే.

"మా ఊరికీ ఒకప్పుడు సొంత అక్షరాలు ఉండేవి. ఒకటి కాదు, రెండు రకాలు" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే మా ఎనిమిదేళ్ల మనవడు నా మోచేయి క్రిందినుంచి తొంగిచూసి, "తాతయ్యా, అక్కడ ఏం రాశావు?" అని అడిగాడు. వాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు. చదవడం రాదు.

ఆ రెండు ప్రశ్నలూ నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. వచ్చాక ఆ ఊరి చరిత్ర కుదురుగా చదివాను. చదివినది మీతో పంచుకుంటాను.

ముందు ఆ బాట సంగతి. మేము దిగిన చోటు బాటసారుల మజిలీ కావడం నిన్న మొన్నటి ముచ్చట కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దిలో మాసిడోనియాను ఏలిన రోమను అధికారి గ్నేయుస్ ఎగ్నాతియుస్ పేరుమీద వెలసిన మహాపథం 'వియా ఎగ్నాతియా'. ఏడ్రియాటిక్ తీరాన దుర్రెస్ నుంచి ఒక పాయ, అపొలోనియా నుంచి మరొక పాయ బయలుదేరి, ఈ ష్కుంబిన్ లోయలోనే కలిసి ఒక్కటై, కొండలు దాటి, థెస్సలొనీకి మీదుగా బైజాంటియం వరకు సాగేవి. సుమారు 1,100 కిలోమీటర్ల దారి. గుర్రాలను మార్చుకొనే చోటును 'మూతాతియో' అనీ, రాత్రి బస చేసే చోటును 'మాన్సియో' అనీ పిలిచేవారు. నేటి ఎల్బసాన్ అప్పటి స్కాంపిస్. దానికి ఐదు రోమను మైళ్ల దూరంలో ఉన్న మజిలీ పేరు 'అద్ క్వింతుమ్'. అంటే 'ఐదో మైలు దగ్గర' అని అర్థం. ఆ మజిలీ శిథిలాలు ఈ బ్రదశేష్‌లోనే ఉన్నాయి. ప్రయాణ బడలిక తీర్చుకొనే స్నానశాల గోడలు ఇప్పటికీ రోడ్డు పక్కన నిలిచి ఉన్నాయి. క్రీ.శ. 333లో బోర్దో నుంచి యెరూషలేముకు వెళ్లిన ఒక అజ్ఞాత యాత్రికుడు, తిరుగు ప్రయాణంలో ఈ దారినే వచ్చి, ప్రతి మజిలీనీ దూరంతో సహా వ్రాసిపెట్టాడు. అందులో స్కాంపిస్ ఉంది, అద్ క్వింతుమ్ ఉంది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశీకి వెళ్తూ మజిలీ మజిలీకీ వ్రాసుకున్న దినచర్య చదివినవారికి, ఈ పేర్ల పట్టికలోని రుచి వేరే చెప్పనక్కరలేదు.

రోమనులు పోయిన తరువాత ఊరు క్షీణించింది. 1466లో తురుష్క సుల్తాను రెండవ మెహ్మెద్, స్కందర్‌బేగ్‌తో పోరాడుతూ, ఆ రోమను కోట పునాదుల మీదనే కొత్త కోట కట్టించాడు. ఎల్బసాన్ అన్న పేరు అప్పటిదే. అది తురుష్క పదం. దేశాన్ని అణచిపట్టేది అన్న భావం అందులో ఉంది. ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. గడియార స్తంభం ఉంది. 15వ శతాబ్ది నాటి మసీదు, మరియమ్మ పేరిట ఒక ఆర్థడాక్సు చర్చి, రెండూ కొద్ది అడుగుల దూరంలోనే ఉన్నాయి.

ఇంతకూ బాట అన్నది సరుకులనే కాదు, లిపులను కూడా మోసుకొస్తుంది. అల్బేనియా భాష ఇండో-యూరోపియను కుటుంబంలో ఒంటరి శాఖ, దగ్గరి చుట్టాలు లేనిది. దొరికినంతలో మొదటి వాక్యం 1462 నాటిది, బాప్తిస్మపు మంత్రం. మొదటి పుస్తకం 1555లో గ్యోన్ బుజూకు అనే మతాచార్యుడు వ్రాసిన ప్రార్థన గ్రంథం. కాని తురుష్కుల ఏలుబడిలో చదువు మతాన్నిబట్టి నడిచేది. ముస్లిములకు అరబ్బీ లిపి, ఆర్థడాక్సువారికి గ్రీకు, కాథలిక్కులకు లాటిను. ఇంట్లో అందరి నోటా ఒకే భాష. కాగితం మీదికి వచ్చేసరికి ముగ్గురూ మూడు దారులు. ఒకరు వ్రాసిన ఉత్తరాన్ని ఇంకొకరు చదవలేరు.

ఈ చిక్కుకు ఎల్బసాన్‌వాళ్లు 18వ శతాబ్దిలో తమదైన జవాబు కనిపెట్టారు. ఎవరి లిపీ వద్దు, మన లిపి మనం చేసుకుందాం అన్నారు. ఆ శతాబ్ది నడుమ వ్రాసిన ఒక చిన్న సువార్త ప్రతి 'ఎల్బసాన్ వ్రాతప్రతి' పేరుతో నిలిచి ఉంది. అందులో 40 అక్షరాల కొత్త లిపి. ఇక రెండవది తోద్రి లిపి. ధస్కాల్ తోద్రి అనే ఆయన కూర్చినదని సంప్రదాయం. 'ధస్కాల్' అనేది గ్రీకు నుంచి వచ్చిన మాట. అర్థం ఏమిటో తెలుసునా? పంతులు! అవును, లిపిని చేసినవాడు మా కులంవాడే, బడిపంతులు. ఆయన వ్రాసినవాటిలో చాలా భాగాన్ని ఆయన మరణానంతరం మహమ్మారి భయంతో తగులబెట్టారని చెబుతారు. అయినా లిపి చావలేదు. ఎల్బసాన్ వర్తకులు ఉత్తరాలకూ పద్దులకూ దాన్ని వాడుకుంటూ వచ్చారు. 1854లో హాన్ అనే ఆస్ట్రియా కాన్సులు తన గ్రంథంలో ఆ అక్షరాలను అచ్చువేయించాడు. ఫినీషియను కాలంనాటి ప్రాచీన లిపి అని ఆయన భ్రమపడ్డాడు గాని, అది పొరపాటని తరువాతి పండితులు తేల్చారు.

అయితే ఒక ఊరి లిపి ఊరు దాటడం కష్టం. 1887 మార్చి 7న కోర్చ పట్టణంలో మొదటి అల్బేనియన్ బడి తెరిచారు. నేటికీ ఆ దేశంలో ఉపాధ్యాయ దినోత్సవం మార్చి 7నే. మాతృభాషలో చదువు చెప్పడం అప్పట్లో ప్రాణాంతకమైన పని. పాపా క్రిస్తో నెగోవాని అనే పూజారి చర్చిలో అల్బేనియన్‌లో ఆరాధన జరిపినందుకు 1905లో హత్యకు గురయ్యాడు. 1908 నవంబరులో లిపిని తేల్చుకోవడానికి మనస్తిర్‌లో మహాసభ జరిగింది. ఈ మనస్తిర్ కూడా ఆ పాత రోమను బాటమీది ఊరే. ముస్లిములు, ఆర్థడాక్సులు, కాథలిక్కులు ఒకచోట కూర్చుని లాటిను అక్షరాలకు ఒప్పుకున్నారు. అప్పుడు కూడా రెండు రకాల వర్ణమాలలను ఆమోదించారు. కాలక్రమాన ఒకటి నిలిచింది. మరుసటి సంవత్సరం డిసెంబరు 1న, అల్బేనియన్‌లో బోధించే ఉపాధ్యాయులను తయారుచేసే మొదటి శిక్షణ పాఠశాల 'ష్కొల్లా నోర్మాలె' తెరుచుకుంది. ఎక్కడనుకున్నారు? ఎల్బసాన్‌లోనే. సొంత లిపిని పక్కన పెట్టిన ఊరే, కొత్త లిపికి పంతుళ్లను ఇచ్చింది. 1910లో అరబ్బీ లిపినే వాడాలని ప్రభుత్వం వైపునుంచి పెద్ద ఒత్తిడి వచ్చినా, పంతుళ్లు వెనుదిరగలేదు.

ఆ పాఠశాల తొలి అధిపతి లుయీజ్ గురాకుచి. ష్కొదర్‌కు చెందిన కాథలిక్కు, కవి. 1912 నవంబరు 28న దేశం స్వతంత్రమయ్యాక ఏర్పడిన తొలి ప్రభుత్వంలో విద్యామంత్రి ఆయనే. తరువాత రాజకీయాల తుపానులో ప్రవాసం పోయి, 1925 మార్చి 2న ఇటలీలో హత్యకు గురయ్యాడు. ఎక్కడో తెలుసుకున్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. బారి పట్టణంలో! సరిగ్గా నూరేళ్ల తరువాత, అదే మార్చిలో, ఆయన మాటైనా తెలియకుండా, మేము ఓడ ఎక్కినది ఆ ఊళ్లోనే.

మళ్లీ హోటలుకు వస్తాను. ఉదయం కాఫీతోపాటు యజమాని భార్య 'బల్లొకుమె' పెట్టింది. మొక్కజొన్నపిండి, వెన్న, పంచదార, గుడ్లు కలిపి రాగి పాత్రలో బాగా కలియబెట్టి చేసే పండుగ బిస్కట్టు. నేను గుడ్డు ముట్టనని తెలిసి నా పళ్లెంలో నారింజలు పెట్టింది. ఆమె మనవరాలి 'అబెతారె' అక్కడే బల్లమీద ఉంది. అంటే మన పెద్దబాలశిక్ష వంటిదన్నమాట. తిరగవేశాను. 36 అక్షరాలు. 'ర' రెండు రకాలు, ఒకటి మెత్తన, ఒకటి గట్టిది. మన శకటరేఫం గుర్తుకొచ్చింది! మనం నోటినుంచి ఎప్పుడో జారవిడిచిన తేడాను వాళ్ల పిల్లలు ఒకటో తరగతిలో నేర్చుకుంటున్నారు. 'ల' కూడా రెండే. కిటికీ అవతల పారే ష్కుంబిన్ నదే వాళ్ల రెండు మాండలికాలకూ ఎల్ల. 1916లో ఎల్బసాన్ పలుకుబడిని వ్రాతభాషకు ప్రమాణంగా తీసుకున్నారు. 1972లో అది మారి, దక్షిణపు పలుకుబడికి పెద్దపీట పడింది. ఉత్తరాదివారికి ఆ నొప్పి ఇంకా ఉన్నది. గ్రాంథిక వ్యావహారిక వాదాలు ఎరిగిన మనకు ఇది వింతేమీ కాదు.

ఇక ఆ రాత్రి నేనిచ్చిన జవాబు. "మావే" అన్నానుగాని, నిజం చెప్పవలసివస్తే మన అక్షరాలు మాత్రం ఎక్కడివి? బ్రాహ్మినుంచి దిగివచ్చినవి, చాలాకాలం కన్నడంతో ఉమ్మడిగా కాపురం చేసినవి. ఎల్బసాన్‌వాళ్ల ఆ రెండు లిపులూ వాళ్లు తమకోసం చేసుకున్నవి. అయినా వాటిని చదవగలిగినవారు ఇప్పుడు పరిశోధకులే. 2014లో ఎల్బసాన్ లిపికీ, 2024లో తోద్రి లిపికీ యూనికోడ్‌లో చోటు దక్కింది. మన తెలుగుకు 1991లోనే దక్కింది. మనమంతా దానిమీదనే ఇల్లు కట్టుకున్నాము. కాని యూనికోడ్‌లో చోటు ఉండటం వేరు, బడిలో ఉండటం వేరు అని ఆ ఊరు నాకు నేర్పింది. వాళ్లు అరువు తెచ్చుకున్న అక్షరాలు ఈరోజు వాళ్లవే, ఎందుకంటే వాటిని పిల్లలకు చెప్పడానికి పంతుళ్లు ప్రాణాలకు సిద్ధపడ్డారు. నేను ముప్ఫై ఏళ్లు ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించి, సొంత మనవడికి దిద్దించలేదు. దూరమనీ, వాడికి ఇప్పటికే మూడు భాషల బరువనీ సాకులు చెప్పుకున్నాను. వ్రాతపుస్తకంలో నా సంతకం వాడికీ ఆ యజమానికీ ఒక్కలాగే కనిపించింది. ఇద్దరికీ అది బొమ్మే.

బయలుదేరేముందు హోటలు రసీదు వెనుక 'అ' వ్రాసి వాడిచేత దిద్దించాను. ఇంటికి వచ్చాక ఆదివారం ఆదివారం కంప్యూటరు తెరమీద పాఠం పెట్టుకున్నాము. అచ్చులు పూర్తయ్యాయి. హల్లుల్లో 'ఝ' దగ్గర మాత్రం ఇంకా మొరాయిస్తున్నాడు. మీలో ఎవరైనా దూరాన ఉన్న పిల్లలకు అక్షరాలు నేర్పుతూ ఉంటే, ఆ 'ఝ' ను ఎలా దాటించారో తెలియజేయండి. వృద్ధుడికి ఉపకారం చేసినవారవుతారు.

ఉంటాను.