ఆడవేషం, ఆడతనం



"ఆడపిల్లవి, ఆ నడకేమిటే?" అన్న మాట పడకుండా పెరిగినవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారంటారు? నెమ్మదిగా నడవాలి, నవ్వు గడప దాటకూడదు, పదిమందిలో తల వంచుకుని కూర్చోవాలి. ఇవన్నీ ఆడదానికి పుట్టుకతో వచ్చే గుణాలే అయితే ఇంతమంది పెద్దవాళ్ళు ఇన్నేళ్ళపాటు నేర్పవలసిన పనేముంది? ఈ సంగతి ఆలోచించడానికి మన తెలుగు నాటకరంగం చరిత్ర చాలా పనికొస్తుంది. అక్కడ చాలాకాలం ఆడతనం ఎలా ఉంటుందో చూపించినవాళ్ళు మగవాళ్ళే మరి.

కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో తమ విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. ఆ తరువాత ఊరూరా నాటక సమాజాలు వెలిశాయి. వాటిలో చంద్రమతి, సీత, శకుంతల చాలావరకు మీసం తీసేసిన మగవాళ్ళే. సంసారుల ఇంటి ఆడది ముఖానికి రంగు పూసుకుని పదిమంది ముందుకు రావడమా! వస్తే ఆ ఇంట్లో పిల్లలకు పెళ్ళి సంబంధాలు దొరుకుతాయా! అప్పటి భయం అది.

ఆ మగ సత్యభామలందరిలోకీ పేరు పడ్డవారు స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టారు. ఒకనాటి హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషధారి రాకపోతే, ఆ లోటు తీర్చడానికి మొదటిసారి చీర కట్టారు. తరువాత తెనాలి రామవిలాస సభలో చేరారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార... ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నడక, ఒక్కొక్క కట్టు. సత్యభామకు అలక వస్తే కొంగు సర్దుకునే తీరు వేరు, చిత్రాంగి కొంగు సర్దుకునే తీరు వేరు. అదంతా అద్దం ముందు సాధన చేసి పట్టిన విద్య. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మా అమ్మమ్మ చిన్నతనంలో ఆయన సత్యభామను చూసిందట. మర్నాడు చెరువు దగ్గర ఆడవాళ్ళందరిదీ అదే కబురట. ఒక అత్తగారైతే కోడలితో "స్థానం వారిని చూసైనా నేర్చుకో, చీర కట్టడం" అన్నదట! నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన ఆడవాళ్ళను చూసి నేర్చుకున్నారు. ఆడవాళ్ళేమో ఆయన్ను చూసి నేర్చుకోవాలి! మహారాష్ట్రలోనూ ఇదే కథ. బాలగంధర్వ ఆడవేషాలు చూసి అక్కడి గొప్పింటి స్త్రీలు తమ చీరలూ నగలూ మార్చుకున్నారు.

ఇక కూచిపూడి సంగతి. ఆ ఊరి బ్రాహ్మణ కుటుంబాల్లో భామాకలాపం మగపిల్లల చదువు. సత్యభామ జడను తెర మీదుగా వేసి ప్రవేశించడం, చేతనైతే నన్ను గెలవండి అని సవాలు చేయడం, అంతా మగవాడి చేతి మీదుగానే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవాళ్ళు ఆయన మగవాడంటే నమ్మలేకపోయేవారట. 1970లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆ ఇళ్ళలోనే పుట్టిన ఆడపిల్లలు మాత్రం నట్టింట్లో గజ్జెల చప్పుడు వింటూ పెరిగారు, గజ్జె కట్టలేదు.

అయితే ఆ కాలంలో ఆడవాళ్ళెవరూ భామాకలాపం ఆడలేదనుకోకండి. గోదావరి జిల్లాల్లో కలావంతులు తరతరాలుగా ఆడారు, పాడారు. వాళ్ళ సత్యభామకు బిరుదులు రాకపోగా బతుకు మీద మచ్చ మిగిలింది. దేవాలయాలకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. అది రావలసిన చట్టమే, నేను కాదనను. కానీ ఆ స్త్రీల చేతిలో ఉన్న విద్య ఏమవుతుందని అడిగినవాళ్ళు తక్కువ. అదే పాత్ర, అదే వాలుచూపు. మగవాడు చూపితే కళ, ఆడది చూపితే ఆమె గుణం! నాకైతే ఇందులో న్యాయం కనిపించదు.

ఈ కట్టుబాటు ప్రకృతి నియమమేమీ కాదని చెప్పడానికి సురభివారున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజంలో భార్యాభర్తలూ పిల్లలూ కలిసి వేషాలు కట్టారు. ఆడపాత్రలు ఆడవాళ్ళే వేశారు, అవసరమైతే మగవేషమూ కట్టారు. సురభి కమలాబాయి, తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' టాకీలో లీలావతి ఆమే. ఆ నాటకాలవాళ్ళ సంసారాలు చెడిపోయిందీ లేదు, పిల్లలకు పెళ్ళిళ్ళు ఆగిపోయిందీ లేదు.

కూచిపూడి నాట్యాన్ని స్త్రీలకు నేర్పడానికి ముందుకు వచ్చినవారిలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ముఖ్యులు. తరువాత వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ ఎంతోమంది ఆడపిల్లలు చేరారు. విచిత్రం ఏమిటంటే, సత్యభామ జడ పట్టుకుని వయ్యారంగా తిరగడం ఆ పిల్లలు నేర్చుకున్నది మగ గురువు దగ్గర. మెడ ఎంత వంచాలో, కనుకొస ఎక్కడ ఆపాలో ఆయనే చేసి చూపించాలి. ఆడపిల్లగా పుట్టినంత మాత్రాన ఆ నడక ఎవరికీ రాలేదు, నెలల తరబడి అడుగులు వేస్తే వచ్చింది.

ఇప్పుడు కూచిపూడి క్లాసుల్లో ఎక్కడ చూసినా ఆడపిల్లలే. అబ్బాయిని చేర్పిద్దామంటే తల్లులే వెనకాడుతున్నారు. మా వీధిలో ఒకావిడ కొడుకు చక్కగా ఆడతాడు. సత్యభామ వేషం వేస్తానని సరదాపడితే, బడిలో తోటిపిల్లలు ఏడిపిస్తారని ఆవిడ వద్దంది. సత్యనారాయణ శర్మ గారి చిన్నతనంలో ఆ ఊళ్ళో కుర్రవాడికి ఆడవేషం నప్పిందంటే ఆ ఇంటికి గౌరవం.