నంద్యాల సీమలో ఇల్లును ఇంటినేలయు

మిద్దె యనగా నేమో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని ఆ మిద్దెకు మనవారు చోటెట్లు ఎన్నుకొనిరో, ఆ ఊరు పిమ్మట ఎట్లు పెరిగినదో నేడు కొంచెము తలచుకొందము. ఇల్లు కట్టుటకంటె ఇంటికి నేల నెన్నుకొనుటయే పెద్దపని యని ఆ చరిత్రవలన నాకు తోచుచున్నది.

తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. నడుమ కుందూనది పాఱు లోయ మన సీమ. ఇందు నల్లరేగడి విస్తారము. అది వానకు ఉబ్బును, ఎండకు బీటలువాఱును. పైరునకు మేలైన ఆ నేల గోడకు మేలైనది కాదు. అందువలన పూర్వులు రేగడిని సేద్యమునకు విడిచి, గట్టినేల గల మెరకను ఊరికి కోరుకొనిరి. దీనికి జొన్నపాతరయే సాక్షి. నీరూరు పల్లమున పాతర త్రవ్విన గింజ బూజుపట్టును గదా!

ఆ మెరకపై రాతితోను మట్టితోను వెడల్పైన గోడలు లేపిరి. దూలములపై దంతెలు పఱచి, పైని చవుటిమన్ను దట్టముగ వేసిరి. చవుడు తడిసి బిగిసి నీటిని క్రిందికి విడువదు. వెలుతురునకు గవాచి యుంచిరి. దోపిడిభయముగల దినములలో ఇండ్లను గోడకు గోడ చేర్చి కట్టుకొని, పెక్కు గ్రామములలో బురుజులను నిలిపిరి.

పిమ్మట కాలము మాఱెను. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి త్రవ్విన కర్నూలు–కడప కాలువను 1882లో ప్రభుత్వము కంపెనీవారినుండి కొనెను. ఆ శతాబ్ది ముగియకమున్నే రైలు వచ్చెను. 1899లో నంద్యాల పురపాలకసంఘ మేర్పడెను. బేరసారములు హెచ్చి, పాతయూరు చాలక జనము వెలుపలికి సాగిరి. సంజీవనగరము, పద్మావతీనగరము, శ్రీనివాసనగరము వంటి క్రొత్తపేటలు వెలసెను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాకేంద్ర మయ్యెను. నిన్న చేనుగ నున్నది నేడు ఇంటిస్థల మగుచున్నది.

ఇక్కడనే మనము నిలిచి యోచింపవలెను. 2019 సెప్టెంబరులో భారీవర్షములకు కుందూ, మద్దిలేరు, చామకాల్వ పొంగి, నంద్యాలలో పల్లపుటిండ్లలోనికి నీరు చొచ్చెను. ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ అను మహానగరమునందును నదికి చేరువనున్న పేటలు 1974లోను, మరల 2011లోను మునిగినవి. నడుమ 37 సంవత్సరములు గడచెను. వరద మఱచుటకు ఒక తరము చాలును. వాగు మాత్రము తన త్రోవ మఱవదు.

కావున మీకొక మనవి. ఏ చేను వానకు చెఱువగునో, ఏ వంక ఎవరి గట్టుక్రింద పూడిపోయినదో మీరెఱుగుదురు. ఆళ్లగడ్డలో వక్కిలేరు పూర్వమెంతవఱకు పొరలినదో అచ్చటి పెద్దలెఱుగుదురు. గ్రామపు సర్వేపటమునందును వాగువంకలు గుర్తింపబడియుండును. మీ బిడ్డలు స్థలమునకు బయానా ఇచ్చుటకు మున్నే ఆ పటము తెప్పించి చూడుడు. వారిని వెంటబెట్టుకొనిపోయి ఆ నేలపై నిలిచి, మీరు చూచినది చెప్పుడు. గోడ బీటవాఱిన మరల కట్టుకొనవచ్చును. వాగులో కట్టిన యింటిని మెరకకు మోసికొనిపోలేము.