మిద్దెకెక్కిన రామములగ

టమాటకు తెలుగులో పాత పేరు రామములగ. వంకాయ, మిరప, వాకుడు, కామంచి దీనికి దగ్గరి చుట్టాలు. చిత్తూరు వైపు తక్కాళి అన్న పేరు ఇంకా వినబడుతుంది. దక్కనీలో దీన్ని విలాయతి బైంగన్, అంటే సీమ వంకాయ అన్నారు. మొక్క పుట్టినచోటు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పడమటి వాలు, సాగులోకి వచ్చినచోటు మెక్సికో. 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలతో భారత తీరానికి చేరింది.

వచ్చింది కాని, తెలుగు వంటింటికి దానితో వెంటనే పని పడలేదు. పులుపు కోసం చింతపండు, మామిడికాయ, గోంగూర, చింతచిగురు ఉండగా కొత్త పండు కోసం ఎవరూ వెతకలేదు. 19వ శతాబ్ది చివర జార్జ్ వాట్ కూర్చిన భారత ఆర్థికోత్పత్తుల నిఘంటువు నాటికి కూడా టమాటను ఇక్కడ ముఖ్యంగా తెల్లదొరల బల్లల కోసమే పండిస్తున్నారు. పప్పులో, చారులో, రోటిపచ్చడిలో అది ఇంతగా కలిసిపోయింది ఆ తరువాతి కాలంలోనే.

అసలు చిక్కు రుచిలో లేదు, ఎండలో ఉంది. పగటివేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి చల్లబడకపోయినా టమాట పుప్పొడి చెడిపోతుంది, పూత రాలిపోతుంది. చెట్టు పచ్చగా, ఏపుగా కనిపిస్తూనే ఒక్క కాయా నిలవదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి లాంటి చోట ఇది ఏటా కళ్లకు కట్టే సంగతి. అగస్త్యేశ్వరుడి గుడితో, నరసింహస్వామి గుడితో పేరుపొందిన ఈ సంగమక్షేత్రం నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలో ఉంది. మే నెలలో ఈ ప్రాంతం తెలంగాణలోని మండే చోట్లలో ఒకటి. అందుకే మైదానాల్లో టమాట చలికాలపు పంటగానే మిగిలింది.

దానికి తోడు నీటి చరిత్ర ఒకటుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చెలకలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది. నీరు నిలిచే మడిలో టమాట వేరు కుళ్లుతుంది, దానికి తడి కావాలి గాని ముంపు పనికిరాదు. సాగర్ నీళ్లు ఈ సీమకు అన్నం పెట్టిన మాట నిజం. కూరగాయను మాత్రం పెరటికి, గట్టుకు నెట్టింది కూడా ఆ నీళ్లే.

ఎండాకాలంలో తెలుగువాళ్లకు టమాట పెట్టింది మదనపల్లె. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమిలో రాత్రులు చల్లగా ఉంటాయి. మైదానాల్లో పూత రాలే నెలల్లో అక్కడ కాయ నిలుస్తుంది. ఆ బలంతోనే మదనపల్లె మార్కెట్ దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో ఒకటిగా ఎదిగింది. ఒక్క సీమ మీద ఇంతమంది ఆధారపడితే ఏమవుతుందో 2023 జులైలో తెలిసింది. ధర కిలో 200 రూపాయల దరికి పోయింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50కి అమ్మించవలసి వచ్చింది. మరి కొన్ని నెలలకే అదే కాయకు కోతకూలి కూడా గిట్టని రోజులు వస్తాయి. టమాట రైతు బతుకులో ఈ ఎగుడుదిగుడు మామూలు.

ఈ చిక్కులకు వెతికిన దారులు కుండీ, కప్పు. వాటిలో టమాట కాయడానికి ముందు విత్తనం మారాలి. టమాట పుట్టుకతో తీగజాతి, ఊతమిస్తే నెలల తరబడి పాకుతూనే ఉంటుంది. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో తనంతట తానే ఎదుగుదల ఆపుకొని, గుబురుగా ఉండిపోయే మొక్క ఒకటి కనబడింది. ఈనాటి పొట్టిరకాలకు మూలం ఆ గుణమే. 1989లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంటితోటల కోసమని మైక్రోటామ్ అనే రకాన్ని విడుదల చేశారు. అది జానెడు ఎత్తే పెరుగుతుంది, చిన్న తొట్టెలోనూ కాస్తుంది. ఇక్కడ ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ సూ (Sioux) రకాన్ని మేరఠీ రకంతో సంకరపరచి తీసిన పూసా రూబీ దేశమంతా పాకింది. 1973లో బెంగళూరు నుంచి ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ ‘కర్ణాటక’ అనే సంకరాన్ని తెచ్చాక హైబ్రిడ్ల కాలం మొదలైంది. బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. ఈ రకాల వల్ల దిగుబడి పెరిగింది. అయితే పుల్లగా, పలుచని తోలుతో, గీతలు గీతలుగా ఉండే నాటు టమాట అంగళ్లలో అరుదైపోయింది. చారుకు దానికి సాటి వచ్చే కాయ హైబ్రిడ్లలో దొరకదు.

ఇక కప్పు సంగతి. 1948లో కెంటకీ విశ్వవిద్యాలయంలో ఎమెరీ ఎమర్ట్ అద్దానికి బదులు ప్లాస్టిక్ పట్టా పరిచి హరితగృహం కట్టాడు. అక్కడ కప్పు పని వెచ్చదనాన్ని పట్టి ఉంచడం. తెలుగునేలలో దాని పని తలకిందులు. వేడిని బయటికి పంపాలి, ఆకుముడతను అంటించే తెల్లదోమను లోపలికి రానివ్వకూడదు, వానను ఆకు మీద పడనివ్వకూడదు. చలిదేశపు నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెడితే అది కొలిమి అవుతుంది. పక్కలకు వలలు, పైన గాలి పోయే సందు ఉన్న పాలీహౌస్ ఇక్కడ కుదురుకున్నది అందుకే.

తెలంగాణ ఏర్పడిన వెంటనే ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ప్రకటించింది. తరువాత ఎస్సీ, ఎస్టీ రైతులకు దాన్ని 95 శాతానికి పెంచింది. హైదరాబాద్ చుట్టూ తెల్లని కప్పులు లేచాయి. కాని వాటి కింద ఎక్కువగా పెరిగినవి జెర్బెరా పూలు, కాప్సికం, కీరదోస. ఎకరాకు లక్షలకు లక్షలు పోసి కట్టిన కప్పు కింద పండించిన టమాట, చేవెళ్లలో చలికాలం ఆరుబయట పండే టమాట ధరతో పోటీపడలేదు. పైగా చలిదేశాల హరితగృహాల్లో బంబుల్‌బీలు చేసే పరాగసంపర్కం ఇక్కడ మనిషి చేయాలి, పూత మీద ఉన్న తీగలను రోజూ కదపాలి. గాలిదుమారానికి పట్టా చిరిగితే ఆ ఖర్చు వేరు.

నీడ నిజంగా గెలిచింది నారు దగ్గర. వెనక నారు పోసేది నేల మీది మడిలో, అక్కడే తెల్లదోమ ఆకుముడతను అంటించేది. ఇప్పుడు షేడ్‌నెట్ కింద, కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో, గుంటకొక గింజ చొప్పున పెంచి, సుమారు 25 రోజుల నారును లెక్కపెట్టి అమ్ముతున్నారు. మొక్క వేరు తెగకుండా ఉండతో సహా పొలానికి చేరుతుంది. పెద్ద పాలీహౌస్‌ల గురించి చెప్పుకున్నంతగా ఈ నర్సరీల గురించి ఎవరూ చెప్పుకోలేదు. తెలుగు టమాట రైతుకు ఎక్కువ మేలు చేసినవి మాత్రం ఇవే.

రెండో గెలుపు మిద్దె మీద. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి కప్పు మీద మడులు కట్టి కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అనే పుస్తకం రాశారు. ఆ మాట తెలుగులో స్థిరపడింది. సాక్షి పత్రిక ‘ఇంటిపంట’ శీర్షిక, ఉద్యానశాఖ ఇచ్చిన సిల్పాలిన్ పట్టా మడులు దాన్ని మధ్యతరగతి ఇళ్లకు చేర్చాయి. పెయింట్ డబ్బా, థర్మాకోల్ పెట్టె, గ్రోబ్యాగు, ఏదైనా సరే, ఒక్కో మొక్కకు అడుగు లోతు, 15 నుంచి 20 లీటర్ల మట్టి, అడుగున నీరు పోయే చిల్లు ఉంటే చాలు. నీళ్లు ఒకరోజు పోసి రెండురోజులు మరిస్తే మాత్రం కాల్షియం కాయకు అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది. మిద్దెమీద టమాట పోయే కారణాల్లో ఈ తప్పు ఒకటి.

వాడపల్లి, మిర్యాలగూడ మిద్దెల మీద స్లాబు వేడి కింది నుంచి, ఎండ పై నుంచి మొక్కను కాలుస్తాయి. ఆగస్టు చివర నారు పోసి సెప్టెంబరు, అక్టోబరులో కుండీల్లో నాటితే సంక్రాంతికి చేతినిండా కాయ వస్తుంది. మార్చి దాటాక సగం నీడనిచ్చే వల కడితే మొక్క బతుకుతుంది, కాయ మాత్రం నిలవదు.